మొహం పడలేదని జీతం కోస్తే ఊరుకోం!

పారిశుధ్య కార్మికులారా! చెత్త బళ్ల డ్రైవర్లారా! నీటి సరఫరా, వీధిదీపాల కార్మికులారా! మన కష్టం ఎరిగిన పట్టణ ప్రజలారా!

తెల్లవారుజామున 5 గంటలకు మస్టరు పాయింటు దగ్గర మనకు రోజూ ఏం జరుగుతోందో ఊరికి తెలియదు. చీపుర్లు, పారలు గోడకు ఆనించి వరుసలో నిలబడతాం. మేస్త్రి హాజరు యాప్ ఉన్న ఫోను ఎత్తి పట్టుకుంటాడు. తలగుడ్డ తియ్యి, మాస్కు దించు, దగ్గరికి రా, వెనక్కి జరుగు, లైటు వైపు తిరుగు, కళ్లు ఆర్పు. ఫోను ఒప్పుకుంటే ఆ రోజు డ్యూటీలో ఉన్నట్టు. ఒప్పుకోకపోతే, మనిషి ఎదురుగా నిలబడి ఉన్నా, ఏళ్ల తరబడి అదే వార్డు ఊడుస్తున్నా ఆ రోజుకు ఆబ్సెంటు. "నీ మొహం పడలేదమ్మా, నేనేం చెయ్యను" అని మేస్త్రి చేతులెత్తేస్తాడు. అయినా చీపురు పట్టుకుని వార్డుకు పోతాం, ఎనిమిది గంటలు పని చేస్తాం. నెలాఖరున ఆ రోజు జీతం ఉండదు.

హాజరు వద్దని మనం ఏనాడూ అనలేదు. వేళకు రాకపోతే అడగండి, పని చెయ్యకపోతే నిలదీయండి. మనం చెప్పేది ఒక్కటే. పని చేసిన మనిషి ఉన్నాడు, పక్కనే చేసిన తోటివాళ్లు ఉన్నారు, చేయించిన మేస్త్రి ఉన్నాడు, శుభ్రమైన వీధి కళ్ల ముందు ఉంది. ఇంతమంది సాక్షులను పక్కకు నెట్టి ఫోను మాట ఒక్కటే నమ్మి మన అన్నం కొయ్యడం అన్యాయం.

యాప్ ఎలా పనిచేస్తుందో తెలుసుకుందాం

ఈ యాప్ మూడు సంగతులు ఒకేసారి చూస్తుంది. ఒకటి మొహం. రెండోది జీపీఎస్ చూపించే చోటు. మూడోది మస్టరు పాయింటు గోడకు బిగించిన చిన్న డబ్బా. అది బ్లూటూత్ సంకేతాలు పంపుతూ ఉంటుంది. ఫోనుకు ఆ సంకేతం గట్టిగా అందితేనే మనం దగ్గర్లో ఉన్నట్టు లెక్క. మూడూ ఒకేసారి కుదరాలి. పొద్దున డ్యూటీ ఎక్కేటప్పుడు ఒకసారి, 11 గంటలకు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి. ఒక్కసారి తప్పినా ఆ రోజు పోయినట్టే.

మొదట మొహం సంగతి. పేరు ఎక్కించుకున్న రోజున మన ఫొటోలు తీశారు గదా, కంప్యూటరు వాటిని వందల అంకెల వరుసగా మార్చి దాచుకుంది. రోజూ తీసే మొహాన్ని కూడా అలాగే అంకెలు చేసి పాతవాటితో పోలుస్తుంది. ఒకే మనిషివైనా ఆ రెండు వరుసలు అచ్చంగా కలవవు. ఎంత తేడా వరకు ఒప్పుకోవాలో యాప్ తయారుచేసినవాళ్లు ఒక హద్దు పెడతారు. హద్దు బిగిస్తే అసలు మనిషిని కాదంటుంది, వదులు చేస్తే వేరే మనిషిని ఔనంటుంది. ఈ రెండు తప్పులూ జరగని హద్దు ప్రపంచంలో ఎవరూ పెట్టలేకపోయారు. మన యాప్‌లో ఆ హద్దు ఎవరు పెట్టారు? ఎంత దగ్గర పెట్టారు? రోజుకు ఎంతమంది అసలు మనుషులను అది తోసేస్తోంది? అడిగితే ఆఫీసులో ఒక్కరూ జవాబు చెప్పరు.

ఇది మన ఊరి గోడు మాత్రమే కాదు. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ 2020 జులైలో 89 సాఫ్ట్‌వేర్లను మాస్కు మొహాలతో పరీక్షించింది. వాటిలో మేలైనవి కూడా నూటికి 5 నుంచి 50 సార్లు ఒకే మనిషిని గుర్తుపట్టలేకపోయాయి. తర్వాత సాఫ్ట్‌వేర్లు మెరుగయ్యాయి, అది నిజమే. కానీ మన వరుసలో ఇప్పటికీ "మాస్కు తియ్యి" అనే మాట ఆగలేదు. కుళ్లిన చెత్త, చచ్చిన కుక్క, మురుగు కాలువ పక్కన పనిచేసేవాళ్లకు మాస్కు ప్రాణరక్షణ. దాన్ని తీయించి ఫోను ముందు నిలబెట్టడం ఏం న్యాయం? అదే సంస్థ 2019లో 189 సాఫ్ట్‌వేర్లను పరీక్షించినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. ఒకరిని చూసి ఇంకొకరనుకునే తప్పు చాలా సాఫ్ట్‌వేర్లలో తెల్లవాళ్ల మొహాల కంటే ఆసియా, ఆఫ్రికా మూలాలవాళ్ల మొహాల విషయంలో 10 నుంచి 100 రెట్లు ఎక్కువగా ఉంది. మన ఎండకు కమిలిన మొహాల మీద, మన తెల్లవారుజాము చీకట్లో ఈ యాప్‌ను ఎవరైనా పరీక్షించారా? పరీక్షిస్తే ఆ ఫలితాలు గోడకు అంటించండి.

కామెర్లు వచ్చి చిక్కిపోయిన అక్క మొహం పడదు. తిరుపతిలో తలనీలాలిచ్చి వచ్చిన తమ్ముడి మొహం పడదు. పూడిక తీసి బురదతో వచ్చిన అన్నను మొహం కడుక్కుని రమ్మంటారు, నీళ్లు తెచ్చుకునేలోగా టైము దాటిపోతుంది. వయసు మీద పడ్డ పెద్దమ్మ ముడతల మొహాన్ని ఫోను నాలుగుసార్లు తిప్పికొడుతుంది. ఆమె వెనక నిలబడ్డవాళ్లంతా ఆమెను విసుక్కుంటారు. తప్పు ఫోనుది, తల దించుకునేది పెద్దమ్మ.

చోటు సంగతి ఇంకా ఘోరం. ఆరుబయట, ఆకాశం తెరిపిగా ఉంటే ఫోనులో జీపీఎస్ ఇంచుమించు 5 మీటర్ల తేడాలో చోటు చూపిస్తుంది. మేడల మధ్య ఇరుకు సందుల్లో సిగ్నల్ గోడలకు తగిలి వంకర్లు తిరుగుతుంది, ఆ తేడా పెరిగిపోతుంది. గోడ మీద డబ్బా పంపే బ్లూటూత్ సంకేతాన్ని మనిషి ఒళ్లే అడ్డుకుంటుంది, ఒంట్లో ఉన్న నీరు దాన్ని పీల్చేస్తుంది. అంటే మనం ఎంతమందిమి గుంపుగా వచ్చి నిలబడితే వెనకవాళ్లకు అంత తక్కువ అందుతుంది. డబ్బాలో బ్యాటరీ అయిపోతే ఆ రోజు వార్డంతా ఆబ్సెంటు. ఆ బ్యాటరీ మార్చాల్సినవాడి జీతం మాత్రం ఎవరూ కోయరు.

పట్టణ ప్రజలకు ఒక మాట

అయ్యా, అమ్మా! మీ వీధి సగం ఊడ్చి సగం వదిలేసి మేం పరుగెత్తడం మీరు చూసే ఉంటారు. తప్పించుకుపోతున్నామని అనుకోకండి. 11 గంటల హాజరు కోసం మేం మళ్లీ మస్టరు పాయింటుకు చేరాలి. మార్కెట్ వెనక కాలువలో దిగినవాళ్లు బురద కాళ్లతో పైకొచ్చి, తోపుడు బండి ఎవరికో అప్పగించి, రెండు కిలోమీటర్లు నడిచి వెళ్లి మొహం చూపించి తిరిగి రావాలి. వచ్చేసరికి గంట పోతుంది. ఈలోగా పోగు చేసిన చెత్తను గాలి చిమ్మేస్తుంది, ఆవులు లాగేస్తాయి. మీరు సచివాలయంలో ఫిర్యాదు చేస్తారు, ఆ ఫిర్యాదు మళ్లీ మా మీదికే వస్తుంది. ఒక్కో మనిషికి గంట చొప్పున వందల మంది పనిగంటలు రోజూ మీ వీధుల్లోంచి తీసి ఫోనుకు అర్పిస్తున్నారు. ఊరు శుభ్రంగా ఉండాలని పన్ను కట్టేది మీరు. ఆ గంట మీ వీధిలో ఉండాలా, గోడకు కొట్టిన డబ్బా ముందు ఉండాలా? మీరే చెప్పండి.

మా వార్డులో ఎవరు పనిచేస్తారో మీకు పేరుపేరునా తెలుసు. పొద్దున్నే కళ్లాపి చల్లే అమ్మ మమ్మల్ని చూస్తుంది, పాల బూత్ అన్న చూస్తాడు, టీకొట్టు బాబాయి చూస్తాడు. మా హాజరుకు మీకంటే గట్టి సాక్షులు లేరు.

దొంగ మస్టర్ల మాట

ఈ యాప్ ఎందుకని అడిగితే దొంగ మస్టర్లు అరికట్టడానికి అంటున్నారు. దొంగ మస్టర్లు ఉన్న మాట నిజం. పనిలో లేని మనుషుల పేర్లు రాసి జీతాలు ఎత్తుకున్నవాళ్లు ఉన్నారు. కానీ ఆ పేర్లు రాసింది చీపురు పట్టినవాళ్లు కాదు. మస్టరు పుస్తకం ఎవరి చేతిలో ఉందో, బిల్లు ఎవరు పాస్ చేశారో, డబ్బు ఎవరి ఖాతాలోకి వెళ్లిందో చూస్తే దొంగ దొరుకుతాడు. ఐదుగురు చెయ్యాల్సిన పని ముగ్గురం చేశాం గనక ఆ దొంగతనంలో మొదట నష్టపోయింది మనమే.

2017లో హైదరాబాద్‌లో పారిశుధ్య కార్మికులకు వేలిముద్రల యంత్రాలు తెచ్చారు. కొద్ది నెలలకే కృత్రిమ వేలిముద్రలు తయారుచేసి, రాని మనుషులకు హాజరు వేస్తున్న క్షేత్రస్థాయి సూపర్‌వైజర్లను పోలీసులు పట్టుకున్నారు. ఉపాధి హామీ పనుల్లో ఏం జరిగిందో చూడండి. 2021లో ఎన్‌ఎమ్‌ఎమ్‌ఎస్ అనే యాప్ తెచ్చి, 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని పనులకూ తప్పనిసరి చేశారు. రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీసి పంపాలన్నారు. నెట్ లేక, సర్వర్ ఆగి చేసిన పనికి కూలి పోయిందని ఆ ఏడాది ఫిబ్రవరిలో కూలీలు ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర ధర్నాకు కూర్చున్నారు. చివరికి 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ఒప్పుకుంది. ఫొటోనే మళ్లీ ఫొటో తీసి, పనికి సంబంధం లేని బొమ్మలు పెట్టి హాజరు వేస్తున్నారని రాష్ట్రాలకు రాసింది. ఆ ఫొటోలను మనుషులే కూర్చుని సరిచూడాలని ఆదేశించింది. అంటే యాప్ వచ్చాక కూడా దొంగలు దొంగలుగానే ఉన్నారు, కూలి మాత్రం నిజంగా పనిచేసినవాళ్లకు తెగింది.

ఎవరి ఫోను? ఎవరి ఫొటో?

మేస్త్రి చేతిలో ఉన్నది అతని సొంత ఫోను. రీచార్జి అతనిదే, పగిలితే నష్టం అతనిదే. మనలో కొందరిని ఇప్పుడు సొంత ఫోనులోనే యాప్ వేసుకోమంటున్నారు. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధ్యాయులకు ఇలాంటి యాప్ తెచ్చినప్పుడు వాళ్ల సంఘాలు గట్టిగా అడిగాయి: హాజరు మీకు కావాలి, పరికరం మీరే ఇవ్వండి అని. బడిపంతుళ్లు అడిగిన మాటే మనమూ అడుగుదాం. నెల జీతంలో సరుకులకు, స్కూలు ఫీజుకు పోగా ఏం మిగులుతుందో మనకు తెలుసు. మున్సిపాలిటీ హాజరు కోసం అప్పు చేసి స్మార్ట్‌ఫోను కొనాల్సిన పని మనకు లేదు.

ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. పారిశుధ్యంలో ఎక్కువమంది ఆడవాళ్లమే. మన మొహాలు రోజుకు మూడుసార్లు ఒక మగవాడి సొంత ఫోనులో ఫొటో తీయబడుతున్నాయి. అవి ఆ ఫోనులో ఉండిపోతున్నాయా, సర్వర్‌కు వెళ్లాక చెరిగిపోతున్నాయా? ఎవరూ చెప్పరు. సొంత ఫోనులో యాప్ వేసుకుంటే డ్యూటీ దిగి ఇంటికెళ్లాక కూడా మనం ఎక్కడున్నామో అది చూస్తూ ఉంటుందా? చండీగఢ్, పంచకుల, నాగ్‌పూర్‌లలో పారిశుధ్య కార్మికుల చేతులకు జీపీఎస్ గడియారాలు కట్టినప్పుడు ఆడవాళ్లు ఇదే భయపడ్డారు, బాత్రూముకు వెళ్లినా ఎవరో చూస్తున్నట్టుందని చెప్పుకున్నారు. వార్డుల్లో మనకు మరుగుదొడ్లు లేవు, తెలిసినవాళ్ల ఇంటికి వెళ్లి వస్తాం. ఆ పది నిమిషాలకు సంజాయిషీ చెప్పుకునే దుస్థితి ఏ ఆడమనిషికీ రాకూడదు.

చట్టం ఏమంటోంది?

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. చీపురు పట్టినంత మాత్రాన ఆ హక్కు మనకు లేకుండా పోలేదు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబర్‌లో నియమాలు వచ్చాయి. కానీ ఆ చట్టంలో ఒక మెలిక ఉంది. ఉద్యోగ అవసరాల పేరు మీద యజమాని మన అనుమతి లేకుండానే డేటా వాడుకోవచ్చని 7వ సెక్షన్ చెబుతోంది. పైగా యజమానులు నెరవేర్చాల్సిన ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. అందుకే ఆ చట్టం వచ్చి మనల్ని కాపాడుతుందని చేతులు కట్టుకుని కూర్చోలేం.

మనకు పనికొచ్చే చట్టం వేరే ఉంది. మన జీతం వేసేది ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ. ఏజెన్సీ జీతాలకు వర్తించే వేతనాల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది. ఎంతసేపు పనికి రాలేదో అంతసేపటికి మించి జీతం కోయకూడదని అందులో స్పష్టంగా ఉంది. పొద్దున మొహం పది నిమిషాలు ఆలస్యంగా పడిందని రోజు జీతమంతా కోయడం చట్టవిరుద్ధం. పనిచేసిన రోజును ఆబ్సెంటు రాయడం అంతకంటే పెద్ద తప్పు. అన్యాయంగా కోసిన జీతం కోసం మూడేళ్లలోపు ఫిర్యాదు చేసుకోవచ్చు. పాత నెలల పే స్లిప్పులు పారెయ్యకండి.

మొహంతో హాజరును వేరే దేశంలో ఆపించారు కూడా. బ్రిటన్‌లో సెర్కో లీజర్ అనే కంపెనీ, దానితో కలిసి పనిచేసే సంస్థలు 38 క్రీడాకేంద్రాల్లో 2,000 మందికి పైగా ఉద్యోగులకు మొహంతో, వేలిముద్రతో హాజరు పెట్టాయి. 2024 ఫిబ్రవరిలో అక్కడి సమాచార కమిషనర్ దాన్ని ఆపెయ్యమని, తీసుకున్న డేటా చెరిపెయ్యమని ఆదేశించాడు. కారణం సూటిగా ఉంది: గుర్తింపు కార్డుతో అయ్యే పనికి మొహం ఎందుకు? ఉద్యోగికి వేరే దారి ఎందుకు చూపించలేదు? ఈ రెండు ప్రశ్నలే మన మున్సిపల్ కమిషనర్ గారి ముందు పెడదాం.

మనం కోరుతున్నది

ఫోను మొహాన్ని ఒప్పుకోకపోతే అక్కడికక్కడే కాగితం మస్టరులో సంతకమో వేలిముద్రో తీసుకుని హాజరు వెయ్యాలి. యాప్ ఒక్కదాన్నే చూసి ఒక్క రూపాయి కూడా కోయకూడదు. ఇప్పటిదాకా అలా కోసినదంతా తిరిగి ఇవ్వాలి. 11 గంటల హాజరు పూర్తిగా ఎత్తెయ్యాలి, లేదా మేం పనిచేస్తున్న చోటికే మేస్త్రి రావాలి. ఫోన్లు, డేటా మున్సిపాలిటీయే ఇవ్వాలి. కార్మికుడి సొంత ఫోనులో యాప్ వెయ్యమని ఒత్తిడి చెయ్యకూడదు. డ్యూటీ గంటలు దాటాక లొకేషన్ తీసుకోకూడదు. మన మొహాలు ఏ కంపెనీ దగ్గర ఉన్నాయి, ఎంతకాలం ఉంచుతారు, పని మానేసినవాళ్లవి ఎప్పుడు చెరుపుతారు అనేది తెలుగులో రాసి ప్రతి మస్టరు పాయింటు దగ్గర అంటించాలి. మేస్త్రులకు ఒక మాట: మీరు మా శత్రువులు కారు. మీ మెడ మీదా ఇదే కత్తి ఉంది. మాతో నిలబడండి.

రేపటి నుంచి ఏం చెయ్యాలి?

ప్రతి ఒక్కరూ ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. ఫోను ఒప్పుకోని ప్రతిసారీ తేదీ, టైము, మస్టరు పాయింటు రాసి, పక్కనున్న ఇద్దరితో సంతకం పెట్టించుకోండి. రాయడం రానివాళ్లకు పక్కవాళ్లు రాసిపెట్టండి. వీలైతే మొహం పడనప్పుడు ఫోనులో వచ్చే ఎర్ర అక్షరాల తెరను ఫొటో తీయండి. మొహం పడకపోయినా ఇంటికి వెళ్లిపోకండి, పనిలోకి దిగండి. వెళ్లిపోతే నిజంగానే ఆబ్సెంటు అవుతారు, మన వాదన అక్కడే ఓడిపోతుంది. నెలాఖరున పే స్లిప్పును నోటుపుస్తకంతో పోల్చండి. తేడా వస్తే మనందరం కలిసి లేబర్ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు పెడదాం. సమాచార హక్కు చట్టం కింద మన హాజరు రికార్డు, యాప్ కంపెనీతో చేసుకున్న ఒప్పందం కాపీ అడుగుదాం. దరఖాస్తుకు 10 రూపాయలు చాలు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

కోపంతో ఎవరూ ఉన్నట్టుండి డ్యూటీ ఎగ్గొట్టవద్దు. పదిమంది లేదా అంతకు మించి కూడబలుక్కుని, నోటీసు లేకుండా, సరైన కారణం లేకుండా పని మానేస్తే ఎనిమిది రోజుల జీతం వరకు కోసే వీలు అదే వేతనాల కోడ్‌లో ఉంది. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసివ్వాలని మరో కొత్త కార్మిక చట్టం చెబుతోంది. జీతం కోసే అవకాశం ఏజెన్సీ చేతికి ఇవ్వొద్దు. సమ్మె అవసరమైతే నోటీసిచ్చి, అందరం కూర్చుని నిర్ణయించుకుని దిగుదాం.

వచ్చే సోమవారం డ్యూటీ దిగాక మధ్యాహ్నం 3 గంటలకు అన్ని వార్డుల కార్మికులూ పాత బస్టాండు దగ్గర కలవండి. అక్కడి నుంచి మున్సిపల్ ఆఫీసుకు ఊరేగింపుగా వెళ్లి కమిషనర్ గారికి వినతిపత్రం ఇద్దాం. నోటుపుస్తకాలు, పే స్లిప్పులు వెంట తెచ్చుకోండి. ఇంట్లోవాళ్లను తీసుకురండి. పట్టణ ప్రజలారా, మీ వీధి ఊడ్చే మనిషి పేరు మీకు తెలిస్తే వచ్చి వినతిపత్రం మీద మీ సంతకం కూడా పెట్టండి. రాలేనివాళ్లు ఈ కరపత్రం చదివి పక్కింటికి ఇవ్వండి.

- మున్సిపల్ పారిశుధ్య, నీటి సరఫరా, వీధిదీపాల విభాగాల ఔట్‌సోర్సింగ్ కార్మికులు